కన్ను యాజమాన్యానిది, మందు కార్మికునిదా?

రైలు ఇంజను నడిపే ప్రతి కార్మికుని కంటిపైన పరిపాలన వర్గానికి ఎంత శ్రద్ధ ఉన్నదో మనకందరికీ తెలుసు. ఉద్యోగంలో చేరే నాడు ఇషిహారా పలకల పుస్తకం ముందు కూర్చుండబెట్టి, రంగుచుక్కలలో దాగిన అంకెలను చదివిస్తారు. చీకటి గదిలో ఎడ్రిడ్జ్-గ్రీన్ లాంతరు వెలిగించి, ఏది ఎరుపో, ఏది ఆకుపచ్చో చెప్పమంటారు. ఆ తరువాత 45 ఏండ్ల వయస్సు వరకు నాలుగేండ్లకొకసారి, 55 వరకు రెండేండ్లకొకసారి, ఆపైన పదవీ విరమణ వరకు ఏటేటా అదే తంతు. పరీక్షలో తప్పితే ఏ-1 తరగతి నుండి దించివేస్తారు. వేలాది ప్రయాణికుల ప్రాణాలు ఆ రెండు కళ్ళపై ఆధారపడి ఉన్నవి గనుక ఈ కట్టుదిట్టాన్ని మేము ఏనాడూ ఆక్షేపించలేదు. ఈనాడూ ఆక్షేపించడం లేదు.

మేము అడుగుతున్నది వేరు. అదే కార్మికునికి క్షయ సోకి, కంటి నరాన్ని దెబ్బతీయగలదని అరవై ఏండ్లకు పైగా వైద్యలోకానికి తెలిసిన మందును ఆరు నెలలపాటు ప్రతిదినం మింగవలసి వచ్చినప్పుడు, ఆ శ్రద్ధ అంతా ఎక్కడికి పోతున్నది?

ఆ మందు పేరు ఎథాంబ్యుటాల్. 1961లో కనుగొనబడినది. మరుసటి సంవత్సరమే, అనగా 1962లో, దానిని వాడిన రోగులలో కొందరికి చూపు దెబ్బతిన్నదని వైద్య పత్రికలలో నమోదైనది. ఇది రహస్యమేమీ కాదు. ఏ వైద్య విద్యార్థిని అడిగినా పరీక్షలో వ్రాసిన జవాబును అప్పజెప్పగలడు. కంటి నుండి మెదడుకు పోయే దృష్టి నాడిని ఈ మందు కొందరిలో దెబ్బతీస్తుంది. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, సాధారణంగా నొప్పి కూడా ఉండదు. ఎక్కువగా రెండవ నెల దాటిన తరువాత, రెండు కళ్ళలోనూ, చూపు నడిమిభాగం మసకబారుతుంది. ఎరుపు వన్నె తగ్గి మట్టిరంగులా కనబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చల మధ్య భేదం పలచబడుతుంది. కొందరిలో అక్షరాలు మసకబారడానికి ముందే రంగులు మారుతాయి. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. తొలిదశలో వైద్యుడు లైటు వేసి కంటి లోపలికి చూస్తే అంతా సవ్యంగానే కనబడవచ్చు. దెబ్బ తగిలినది కంటి గుడ్డుకు కాదు, దాని వెనుకనున్న నరానికి. అందువలన "నీ కన్ను బాగానే ఉన్నది, వెళ్ళు" అని పంపివేయడం అతి సులభం. ఆ మాట విని ఇంటికి తిరిగివచ్చినవారు మనలో ఉన్నారు.

మోతాదు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. శరీరపు బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున వాడినప్పుడు సుమారు నూటికి ఒకరికి, 25 మిల్లీగ్రాములైతే నూటికి అయిదారుగురికి, 35 దాటితే నూటికి పద్ధెనిమిది మందికి ఈ హాని కలుగవచ్చునని వైద్యగ్రంథాల లెక్క. మందు శరీరం నుండి వెలుపలికి పోవలసినది ప్రధానంగా మూత్రపిండాల ద్వారా గనుక, అవి దెబ్బతిన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. రాత్రి డ్యూటీలతో, వేళ తప్పిన భోజనాలతో రక్తపోటును, మధుమేహాన్ని సంపాదించుకొన్న మన రన్నింగ్ సిబ్బందిలో మూత్రపిండాల సంగతి ఎందరికి తెలుసునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

ఇక్కడ ఒక మార్పును గమనించాలి. పూర్వపు జాతీయ క్షయ నివారణ కార్యక్రమంలో కొత్త రోగులకు వారానికి మూడు రోజులు మందులిచ్చేవారు. ఎథాంబ్యుటాల్ మొదటి రెండు నెలలతో ఆగిపోయేది. 2017 నుండి దేశమంతటా ప్రతిదినం మందు మింగే పద్ధతి అమలులోకి వచ్చినది. అందులో ఎథాంబ్యుటాల్ ఆరు నెలలూ కొనసాగుతుంది. ఈ మార్పుకు కారణం లేకపోలేదు. ఐసోనియాజిడ్ అనే ప్రధాన ఔషధానికి లొంగని క్రిములు మన దేశంలో అధికం. తోడుగా మరొక మందు లేకపోతే ఆ క్రిములు బలపడతాయి. ఈ శాస్త్రీయ కారణాన్ని మేము అంగీకరిస్తున్నాము. అయితే మందు వాడే కాలం మూడు రెట్లయినప్పుడు కంటిపై కాపలా ఎన్ని రెట్లు పెరిగినది? మాకు కనిపించినంతలో ఏమీ పెరగలేదు.

మాత్రల లెక్కను కూడా ఒకసారి చూడండి. మిశ్రమ మాత్ర ఒక్కొక్కదానిలో 275 మిల్లీగ్రాముల ఎథాంబ్యుటాల్ ఉంటుంది. 50 నుండి 64 కిలోల మధ్య బరువున్నవారికి రోజుకు నాలుగు మాత్రలు, అనగా 1100 మిల్లీగ్రాములు. 64 కిలోల మనిషికి అది కిలోకు 17 మిల్లీగ్రాములు. అదే 50 కిలోల మనిషికి 22. 35 కిలోలకు చిక్కిపోయిన రోగికి మూడు మాత్రలిచ్చినప్పుడు 23 దాటుతుంది. ఒకే వరుసలో నిలబడి ఒకే పట్టీ అందుకొన్న ఇద్దరిలో, బక్కచిక్కిన వాని కంటికే బరువెక్కువ. క్షయ బక్కవానినే వెదుక్కొంటూ వస్తుందన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇది చదివి ఎవరైనా రేపటి నుండి మందు మానివేస్తే, మేము చేసినది ద్రోహమే అవుతుంది. కనుక స్పష్టంగా చెప్పుచున్నాము. క్షయ మందులు ప్రాణం నిలబెడతాయి. నడుమ మానినవారిలో వ్యాధి తిరుగబెట్టి, మామూలు మందులకు లొంగని రూపం దాల్చి, ఇంటిల్లిపాదికీ సోకగలదు. మానవలసినది మందును కాదు, మౌనాన్ని. చూపులో ఏ మార్పు కనిపించినా ఆ దినమే వైద్యుని వద్దకు పోవాలి. మిగిలిన మందులు కొనసాగిస్తూ ఎథాంబ్యుటాల్ ఒక్కదానిని నిలిపివేయడం వైద్యుని చేతిలో ఉన్న పని. సకాలంలో నిలిపితే చాలామందికి కొన్ని వారాలలోనో, నెలలలోనో చూపు తిరిగి వస్తుంది. ఆలస్యమైతే కొందరికి ఇక రాదు.

ఆలస్యం ఎందుకు జరుగుతున్నదో మాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాము. గూడ్సు బండ్లు నడిపే మన సోదరుడొకరు క్షయ చికిత్స మొదలుపెట్టి, కొన్ని వారాలకు దగ్గు తగ్గి, ఫిట్ సర్టిఫికెట్ పొంది డ్యూటీకి వచ్చినాడు. మందు మాత్రం సాగుతూనే ఉన్నది. నాలుగవ నెలలో ఒక ఉదయం బడికి పోయే కూతురు జడలకు కట్టుకొన్న రిబ్బనును చూసి, "ఎర్ర రిబ్బను ఉండగా ఈ మట్టిరంగుది ఎందుకు కట్టినావు?" అని భార్యను అడిగినాడు. అది ఎర్ర రిబ్బనే. ఆమె నవ్వి ఊరుకొన్నది. అతడు నవ్వలేకపోయినాడు. ఆ వారంలోనే ఒక స్టేషను హోమ్ సిగ్నలు వద్ద సహాయకుడు కేక పెట్టి చెప్పేదాకా దీపపు రంగు తనకు తేల్చుకొనరాలేదని అతడే తరువాత మాతో చెప్పినాడు. అయినా మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. బజారులో కళ్ళద్దాల దుకాణానికి పోయి, సొంత డబ్బుతో అద్దాలు మార్పించుకొన్నాడు. నరం దెబ్బతిన్నప్పుడు అద్దాలేమి చేస్తాయి? చివరకు ఆసుపత్రికి పోతే మొదటినాడు కన్ను బాగానే ఉన్నదన్నారు. రెండవసారి పోయినప్పుడు గాని రంగుల పలకలు ముందు పెట్టలేదు.

మందు నిలిపిన పిమ్మట చూపు కొంత తిరిగి వచ్చినది. రంగులు మాత్రం పూర్తిగా రాలేదు. నేడతడు ఒక కార్యాలయంలో ఫైళ్ళు సర్దుతున్నాడు. మెడికల్ డీకేటగరైజేషన్ అయిన రన్నింగ్ సిబ్బందికి మూలవేతనంలో 30 శాతం కలిపి కొత్త వేతనం నిర్ణయిస్తారు. మిగిలిన కిలోమీటరేజి అలవెన్సు ఆ కుటుంబానికి శాశ్వతంగా పోయినట్లే. ఎందుకు దాచినావని మేము అతనిని అడిగినాము. "చెప్పిన రోజే బండి దింపుతారు గదా" అన్నాడు. ఆ జవాబుకు అతనిని తప్పుపట్టే హక్కు మాకు లేదు. ఆ జవాబు పుట్టడానికి కారణమైన ఏర్పాటును తప్పుపట్టే హక్కు ఉన్నది.

నిజం చెప్పిన కార్మికునికి జీతం తెగుతుంది. దాచిన కార్మికునికి తదుపరి పీఎంఈ దాకా ఏమీ కాదు. ఇటువంటి నిబంధనల క్రింద భద్రత గురించి పోస్టర్లు అంటించడం కంటే పరిహాసం వేరే ఉన్నదా?

పీఎంఈ మాట వచ్చినది గనుక ఒక చిన్న గణితం. చికిత్స ఆరు నెలలు. 45 ఏండ్ల లోపు డ్రైవరుకు పరీక్షకూ పరీక్షకూ నడుమ నాలుగేండ్లు. ఆ వ్యవధిలో ఇటువంటి చికిత్సలు ఎనిమిది ఇముడుతాయి. జబ్బు సెలవు ముగిసినప్పుడు ఒకసారి చూస్తారు కదా అని అధికారులంటారు. చూస్తారు. కాని ఆనాటికి మందు మొదలై ఎన్ని వారాలైనది? హాని బయటపడేది సామాన్యంగా రెండు నెలలు దాటిన పిమ్మటనే. తలుపు మూసి తాళం వేసి, కిటికీ తెరచి ఉంచినట్లున్నది ఈ ఏర్పాటు.

దీనికొక చారిత్రక కారణం ఉన్నది. 1875 నవంబరులో స్వీడన్ దేశంలోని లాగెర్‌లుండా వద్ద రెండు రైళ్ళు ఢీకొని తొమ్మిది మంది మరణించినారు. సిబ్బందిలో ఒకరికి వర్ణాంధత ఉండియుండవచ్చునని ఉప్సలా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు హోల్మ్‌గ్రెన్ వాదించి, రంగురంగుల ఉన్నిదారాలతో ఒక పరీక్షను రూపొందించినాడు. ఆ ప్రమాదానికి కారణం నిజంగా అదేనా అని తరువాతి పరిశోధకులు సందేహించినారు గాని, రైల్వేలలో రంగుల పరీక్ష మాత్రం ప్రపంచమంతటా స్థిరపడిపోయినది. ఆ పరీక్ష పుట్టినది పుట్టుకతో వచ్చే లోపాన్ని పట్టుకొనడానికి. పుట్టుకతో వచ్చినది మారదు. ఒకసారి పరీక్షించి లేదని తేలితే ఆ మనిషిలో అది ఎప్పటికీ లేనట్లే. మందు వలన వచ్చేది అట్లా కాదు. నిన్న లేనిది నేడు వస్తుంది. నూట యాభై ఏండ్లనాటి ఆలోచనతోనే నేటికీ మన కంటిని కొలుస్తున్నారు.

తపాలా సోదరులు ఇది తమకు సంబంధించినది కాదనుకొనరాదు. సిగ్నలు లేకపోవచ్చును, అక్షరం ఉన్నది. ఆర్.ఎం.ఎస్. సెక్షనులో అర్ధరాత్రి గొట్టపు దీపం క్రింద ఆరంకెల పిన్‌కోడు చూసి ఉత్తరాన్ని సరియైన గడిలో వేయవలసిన సార్టింగ్ అసిస్టెంటుకు చూపు నడిమిభాగం మసకబారితే 3 ఏదో, 8 ఏదో తెలియదు. ఉత్తరం ఒక ఊరికి బదులు మరొక ఊరికి పోతుంది. తప్పులు పెరిగితే మొదట వచ్చేది కంటి వైద్యుడు కాదు, సంజాయిషీ మెమో. తరువాత రూల్ 16 చార్జిషీటు. మెయిల్ మోటారు డ్రైవరు సంగతి వేరే చెప్పనక్కరలేదు. గ్రామీణ డాక్ సేవకుల స్థితి మరీ దయనీయం. వారికి సీజీహెచ్ఎస్ కార్డు లేదు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చే క్షయ మందు దొరుకుతుంది గాని, దానితోపాటు కంటి పరీక్ష కావాలంటే ఒక దినం పని మానుకొని పట్టణానికి పోవాలి. ఆ దినపు భత్యం ఎవరిస్తారు?

ఎథాంబ్యుటాల్ ఒక్కటే ఇటువంటిదని కూడా అనుకొనవద్దు. మొండి క్షయకు వాడే లినెజోలిడ్ నెలల తరబడి వాడినప్పుడు ఇదే నరాన్ని దెబ్బతీయగలదు. కీళ్ళవాతానికిచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏండ్ల తరబడి వాడినవారిలో కంటి లోపలి పొరకు హాని కలుగవచ్చును. స్టెరాయిడ్లతో శుక్లాలు, కంటిలో ఒత్తిడి. అంతదాకా ఎందుకు, కంటి పరీక్ష కొరకు వేసే చుక్కల మందు మాట చూడండి. పాప విప్పారి కొన్ని గంటలపాటు వెలుతురు భరించలేని స్థితి. అటువంటి వానిని ఆ సాయంత్రమే డ్యూటీకి పిలిచిన సంఘటనలు మా దృష్టికి వచ్చినవి.

ఇక అధికారుల అభ్యంతరాలు. మొదటిది, ఇది అరుదైన విషయమట. 2023లో మన దేశంలో నమోదైన క్షయ రోగులు 25 లక్షలకు పైగా. నూటికి ఒకరే అనుకొన్నా పాతికవేల మంది అవుతారు. రెండవది ఖర్చు. రంగుల పలకల పుస్తకం ప్రతి రైల్వే ఆసుపత్రిలోనూ ఇప్పటికే ఉన్నది. దానిని చదివించడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ పుస్తకం నీలం, పసుపు రంగుల లోపాన్ని పట్టుకొనలేదన్నది నిజమే. అయినా, ఉన్నదానిని వాడకుండా లేనిదానిని సాకుగా చూపడం న్యాయం కాదు. మూడవది, ముందే చెబితే రోగులు భయపడి మందు మానేస్తారట. ఈ మాట మమ్ములను అన్నిటికంటె బాధిస్తుంది. వందటన్నుల ఇంజనును నమ్మి అప్పగించిన మనిషికి తన కంటిని గురించిన నిజాన్ని అప్పగించడానికి జంకుతున్నారన్నమాట. భయపడి మందు మానేవాడు ఎవడంటే, ఎవరూ ఏమీ చెప్పనందున, చూపు ఎందుకు పోతున్నదో తెలియక తల్లడిల్లినవాడే.

రోగి మాట వినకపోతే ఏమవుతుందో జపాను చెప్పినది. 1950, 60 దశాబ్దాలలో ఆ దేశంలో పదివేల మందికి పైగా కాళ్ళు తిమ్మిరెక్కి, నడక పడిపోయి, వారిలో కొందరు చూపు కూడా కోల్పోయినారు. స్మాన్ అని దానికి పేరు పెట్టినారు. ఏదో వైరస్ అన్నారు. అంటువ్యాధి అని ఇరుగుపొరుగువారు ఆ కుటుంబాలను వెలివేసినారు. తీరా 1970లో తేలినదేమంటే, కడుపుజబ్బుకు అందరూ నిర్భయంగా మింగిన క్లయోక్వినాల్ అనే మందే కారణమని. ఆ సెప్టెంబరులో అమ్మకం నిలిపివేయగానే కొత్త కేసులు దాదాపు ఆగిపోయినవి. రోగులు సంఘాలుగా ఏర్పడి, కంపెనీలపైన, ప్రభుత్వంపైన దావాలు వేసి, 1978లో టోక్యో జిల్లా న్యాయస్థానంలో గెలిచినారు. అదే మందు ఆ తరువాత కూడా కొన్నేండ్లపాటు మన దేశపు దుకాణాలలో దొరికినది. ఎథాంబ్యుటాల్‌ను దానితో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. ఒకటి అనవసరపు మందు, మరొకటి ప్రాణావసరం. రెండింటిలోనూ ఉన్న పోలిక ఒక్కటే. బాధ మొదట తెలిసేది రోగికి. అతని మాట చివర వినబడుతున్నది.

చట్టం ఏమంటున్నదో చూద్దాము. వికలాంగుల హక్కుల చట్టం, 2016 లోని 20వ సెక్షను ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. వేరే పనికి మార్చినా అదే వేతన శ్రేణి, అవే సర్వీసు ప్రయోజనాలు ఇవ్వాలి. మంచిదే. కాని ఆ చట్టపు జాబితాలో అంధత్వం, మందదృష్టి ఉన్నవి గాని వర్ణాంధత లేదు. అక్షరాలు బాగానే చదవగలిగి రంగులు మాత్రమే పోయిన డ్రైవరు ఆ సందులో పడిపోతాడు. ఆ సందును పూడ్చినది ఏమిటి? 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. ఆర్టీసీలో డ్రైవరుగా చేరి, వర్ణాంధత ఉన్నదని 2016లో వైద్య కారణాలపై ఇంటికి పంపబడిన ఒక కార్మికునికి తగిన ప్రత్యామ్నాయ ఉద్యోగం, బకాయిలలో 25 శాతం ఇవ్వవలసినదిగా న్యాయస్థానం తెలంగాణ ఆర్టీసీని ఆదేశించినది. ఆ తీర్పుకు ఆధారం 1979 డిసెంబరులో యాజమాన్యానికీ, కార్మిక సంఘాలకూ కుదిరిన ఒడంబడికలోని ఒక క్లాజు. ఆనాడు బల్లకు ఇవతల కూర్చుని ఆ క్లాజును పట్టుబట్టి వ్రాయించినవారికి, నలభై ఐదేండ్ల తరువాత అది ఎవరి అన్నం నిలబెడుతుందో తెలియదు.

కనుక మేము కోరుతున్నది దానం కాదు, ఒడంబడిక. క్షయ చికిత్స మొదలుపెట్టే ప్రతి రైల్వే, తపాలా ఉద్యోగికి, గ్రామీణ డాక్ సేవకులతో సహా, మొదటి మాత్రకు ముందే చూపు, రంగుల పరీక్ష, మూత్రపిండాల రక్తపరీక్ష చేసి నమోదు చేయాలి. ఆ తరువాత మందు ఉన్నన్ని నెలలూ నెలకొకసారి మొదటి రెండు పరీక్షలూ జరగాలి. మందు పట్టీతోపాటు తెలుగులో ఒక చీటీ చేతికందాలి. సిగ్నలు చూడవలసినవారిని ఆ కాలమంతా పూర్తి వేతనంతో, కిలోమీటరేజి సగటు నష్టపోకుండా, వేరే పనిలో ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యం, తన చూపులో మార్పు వచ్చినదని తానే ముందుకు వచ్చి చెప్పిన ఉద్యోగికి ఆ చెప్పిన కారణంగా ఒక్క రూపాయి కూడా తగ్గరాదు. ఈ చివరి మాట లేకుండా మిగిలినవన్నీ ఇచ్చినా ఎవరూ నోరు విప్పరు. చికిత్స వలన చూపు పోయినవానిని డీకేటగరైజ్ చేయవలసివస్తే, కోల్పోయిన రన్నింగ్ అలవెన్సు మొత్తాన్ని లెక్కగట్టి చెల్లించాలి. ఆ మందును అతడు సరదాకు మింగలేదు.

ఈలోగా శాఖలు చేయగలిగినది ఉన్నది. మీ శాఖలో క్షయ మందులు వాడుచున్న సభ్యులతో కార్యదర్శి స్వయంగా, గుట్టుగా మాట్లాడాలి. ప్రతి ఉదయం ఒక కన్ను మూసి రెండవ కంటితో, తరువాత ఆ కన్ను మూసి మొదటి కంటితో, ఒకే వార్తాపత్రికలోని ఒకే సైజు అక్షరాలను, ఒకే ఎర్రని వస్తువును చూడమనండి. తేడా కనిపించిన రోజే సిక్ మెమో అడిగి తీసుకొని, "ఎథాంబ్యుటాల్ వాడుచున్నాను, చూపు మారినది" అని వ్రాతపూర్వకంగా వైద్యాధికారికి ఇచ్చి, నకలుపై సంతకం చేయించుకొనండి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే కేంద్రప్రభుత్వ ఔషధ నిఘా కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరుపై రోగి స్వయంగా కూడా తెలుపవచ్చును. సంతకం చేయడానికి నిరాకరించిన చోట, తేదీ, వేళ వ్రాసి ఆ నకలును డివిజన్ కార్యదర్శి ద్వారా మాకు పంపండి.